పక్షి మసక, వెనక పడవ మాత్రం స్పష్టం

చలికాలం కాబట్టి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సముద్రాన్నీ, సీగల్ పక్షుల్నీ ఫొటో తీయడం గురించే ఉన్నాయి. అయిదింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను, ఎందుకంటే అది ఒక్కరి సమస్య కాదు.

ప్రశ్న: నమస్తే సార్. విశాఖలో బ్యాంకు ఉద్యోగిని. రెండు నెలలుగా ఆదివారం వస్తే ఫిషింగ్ హార్బర్‌కో, భీమిలికో వెళ్లి సీగల్స్‌ని తీస్తున్నాను. క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా, 70-300 మి.మీ. జూమ్ లెన్స్ ఉన్నాయి. వంద తీస్తే పది కూడా షార్ప్‌గా రావట్లేదు. ఫ్రెండ్స్ 150-600 లెన్స్ కొనమంటున్నారు. ఈఎంఐ పెట్టి తీసుకోమంటారా? మూడు ఫొటోలు పంపుతున్నాను, చూసి చెప్పండి.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే కొనకండి. మీ మూడు ఫొటోలూ కంప్యూటర్లో పూర్తి సైజులో చూశాను. మూడూ మసకగానే ఉన్నాయి గానీ మూడింటిదీ ఒకే జబ్బు కాదు.

మొదటి దాంట్లో పక్షి మొత్తం ఎడమ నుంచి కుడికి సాగినట్టుంది, రెక్క చివర అయితే రెండు రెక్కల్లా కనిపిస్తోంది. వివరాలు చూస్తే షట్టర్ స్పీడ్ 1/250. సీగల్ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి, అంటే సెకనుకు 10 మీటర్లు. 1/250 సెకనులో అది 4 సెంటీమీటర్లు కదిలిపోతుంది. ముక్కు వదిలేస్తే పక్షి తల పొడవు ఆ 4 సెంటీమీటర్ల కన్నా కాస్త ఎక్కువ, అంతే! అదే 1/2000 పెడితే కదిలేది అర సెంటీమీటరు, దానికి తోడు మీరు కెమెరాని పక్షితో పాటు తిప్పుతుంటే అది కూడా దాదాపు కనబడదు. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 100 దగ్గరే ఉంచారు, నాయిస్ (ఫొటోలో గింజలు) వస్తుందని భయం కాబోలు. ఆ భయం వదిలేయండి. నాయిస్ ఉన్న షార్ప్ ఫొటోని బాగు చేసుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోని ఎవరూ బాగు చేయలేరు. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ 1/2000, అపెర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) ఎఫ్7.1 లేదా ఎఫ్8 పెట్టి, ఐఎస్ఓ ఆటోకి వదిలేయండి. 800 అయినా 1600 అయినా పర్వాలేదు.

రెండో ఫొటోలో పక్షి మసక, వెనకున్న మరబోటు మీద నంబరు మాత్రం ఒక్కో అక్షరం చదవొచ్చు. అంటే మీ లెన్స్ చాలా బాగుంది, కాకపోతే పక్షిని వదిలేసి బోటుని పట్టుకుంది. మీరు వాడింది ఒక్కసారి ఫోకస్ చేసి ఆగిపోయే మోడ్. ఎగిరే పక్షికి అది పనికిరాదు. కెనాన్‌లో ఏఐ సర్వో అంటారు, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి అంటారు, దానికి మార్చండి, అప్పుడు పక్షి కదులుతున్నంతసేపూ ఫోకస్ కూడా దాని వెంట వెళ్తుంది. ఒకే పాయింట్‌తో ఎగిరే పక్షిని పట్టడం మొదట్లో చాలా కష్టం, మధ్యలో ఉన్న చిన్న గుంపు పాయింట్లు పెట్టుకోండి. హార్బర్‌లో వెనక తెరచాప కర్రలు, తాళ్లు, జెండాలు అన్నీ ఫోకస్‌ని లాగేస్తుంటాయి. అక్కడికన్నా వెనక ఖాళీ నీళ్లో, ఖాళీ ఆకాశమో ఉన్న చోట నేర్చుకుంటే త్వరగా వస్తుంది.

మూడోది దాదాపు వచ్చేసిన ఫొటో. తోక ఈకలు షార్ప్‌గా ఉన్నాయి, కన్ను లేదు. 300 దగ్గర ఎఫ్5.6లో, పక్షి 10 మీటర్ల దూరంలో ఉంటే, మీ కెమెరాకి స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 25 సెంటీమీటర్లు, అంతే. సీగల్ రెక్కలు చాపితే మీటరు దాటుతుంది. కాబట్టి అది మీ వైపు ఏటవాలుగా వస్తుంటే పక్షి అంతా షార్ప్‌గా రావడం కుదరని పని. రెక్క కొస పోతే పోనివ్వండి, కన్ను మాత్రం పోనివ్వద్దు. మీ కెమెరాలో పక్షి కన్నుని గుర్తుపట్టే సౌకర్యం ఉంటే ఆన్ చేయండి, లేకపోతే పాయింట్ మెడ మీద నిలపండి.

మన తీరానికి వచ్చే వాటిలో బ్రౌన్ హెడెడ్ గల్ ఎక్కువ. టిబెట్, లద్దాఖ్ వైపు ఎత్తయిన సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికాలానికి ఇటు దిగుతుంది. పేరు గోధుమ తల గానీ ఈ కాలంలో తల తెల్లగానే ఉంటుంది, కంటి వెనక ఒక నల్ల మచ్చ మిగులుతుంది. మార్చి వచ్చేసరికి తల ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. దాని కన్ను లేత పసుపు కలిసిన తెలుపు, మధ్యలో నల్లటి చుక్క. ఫోకస్ సరిగ్గా పడిందో లేదో ఆ చుక్క చెప్పేస్తుంది, అంచు గుండ్రంగా తెగి కనిపించాలి. తెరమీద పెద్దది చేసి చూసేటప్పుడు మొదట చూడాల్సింది అదే.

ఎక్స్‌పోజర్ సంగతి ఒక మాట. నల్లటి నీళ్ల మీద తెల్లటి పక్షి ఉంటే కెమెరా నీళ్లని చూసి వెలుగు పెంచేస్తుంది, ఈకలు కాలిపోయి తెల్ల సున్నం ముద్దలా వస్తాయి. ఈకల గీతలు కనబడక ఫోకస్ పోయిందనుకుంటాం. ఎండలో, నీళ్ల మీద అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు పెంచే, తగ్గించే మీట) 0.7 తగ్గించండి.

వెలుతురు విషయంలో మన తూర్పు తీరానికి ఒక చిక్కుంది. సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు, కాబట్టి పొద్దున్నే ఒడ్డున నిలబడి నీళ్ల వైపు తీస్తే పక్షి నల్లగా నీడలా వస్తుంది. సిల్హౌట్ కావాలంటే అది బాగుంటుంది, కన్ను, ఈకలు కావాలంటే మాత్రం మధ్యాహ్నం మూడున్నర తర్వాత వెళ్లండి. అప్పుడు ఎండ మీ వీపు మీద, పక్షి ముఖం మీద ఉంటుంది. డిసెంబరులో విశాఖలో అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది, దొరికేది రెండు గంటలే. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. జేబురుమాలు పట్టుకుని గాలి ఎటుందో చూసి నిలబడితే సగం పని అయిపోయినట్టే.

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఇసుక మీద పక్షులు వాలి ఉంటే నడుచుకుంటూ మీదకు వెళ్లకండి. దూరంగానే కూర్చుని, కూర్చున్నట్టే కొంచెం కొంచెం జరగండి. పది నిమిషాలు కదలకుండా ఉంటే అవే అలవాటు పడతాయి. ఇదంతా నెల రోజులు చేసి, అప్పటికీ దూరం చాలక ఇబ్బందిగా ఉంటే పెద్ద లెన్స్ గురించి మళ్లీ రాయండి.

ప్రశ్న: నేను టీచర్ని. సెలవుల్లో మంగమారిపేట దగ్గర శిలాతోరణాన్ని సూర్యోదయం వేళ తీశాను. ముందున్న రాళ్లూ, వెనక సముద్రమూ రెండూ స్పష్టంగా రావాలని ఎఫ్22 పెట్టాను, ట్రైపాడ్ కూడా వాడాను. అయినా మొత్తం మెత్తగా వచ్చింది. ఎక్కడ తప్పు చేశాను?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఎఫ్22 దగ్గరే. అపెర్చర్ రంధ్రం మరీ చిన్నదయితే వెలుతురు దాని అంచుల దగ్గర వంగి చెదిరిపోతుంది, దాంతో దగ్గరా దూరమూ అన్నీ సమానంగా మెత్తబడతాయి. ఎఫ్11 చాలు. 18 మి.మీ. దగ్గర ఎఫ్11 పెట్టి, మీకు 2 మీటర్ల దూరంలో ఉన్న రాయి మీద ఫోకస్ చేస్తే, దాదాపు 85 సెంటీమీటర్ల నుంచి ఆకాశం అంచు దాకా చూడ్డానికి స్పష్టంగానే ఉంటుంది (ఇది క్రాప్ సెన్సర్ కెమెరా లెక్క). చాలామంది చేసే పొరపాటు ఆకాశమూ సముద్రమూ కలిసే దూరపు గీత మీద ఫోకస్ చేయడం, అప్పుడు ముందున్న రాళ్లు పోతాయి. ఫోకస్ అయ్యాక లెన్స్‌ని మాన్యువల్‌కి మార్చేయండి, మళ్లీ షట్టర్ నొక్కినప్పుడు అది వెతుక్కోకుండా.

ఇక ట్రైపాడ్. తడి ఇసుకలో పెట్టారా? పెట్టే ఉంటారు. అల వచ్చి వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకని తవ్వుకుంటూ పోతుంది, ట్రైపాడ్ మన కంటికి తెలియనంత నెమ్మదిగా దిగుతూ ఉంటుంది. నాకూ భీమిలిలో ఒక ఉదయమంతా ఇలాగే పోయింది, కెమెరా తెరమీద అన్నీ బాగున్నట్టే కనిపించాయి, ఇంటికొచ్చి చూస్తే దూరపు గీత రెండు గీతలైంది. అప్పటి నుంచి కాళ్లని చేత్తో గట్టిగా కిందికి నొక్కి, రెండు మూడు అలలు పోనిచ్చి, అది స్థిరపడ్డాకే తీస్తున్నాను. వీలైతే రాతి మీదే పెట్టండి. స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే సౌకర్యం) ఆపేయండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. మెడకు వేసుకునే పట్టీ గాలికి ఊగుతుంటే తీసి పక్కన పెట్టండి, అది కూడా కెమెరాని కదిలిస్తుంది.

ఆ రాళ్ల మీద పాచి ఉంటుంది. ఆటు సమయం చూసుకుని వెళ్లండి, సముద్రానికి వీపు పెట్టి కెమెరాలోకి చూస్తూ ఉండిపోవద్దు. తోడు ఒకరు ఉండి అలల్ని చూస్తుంటే ఇంకా మంచిది. ఫొటో కోసం రాయి చివరకు వెళ్లినవాళ్లని అల లాక్కుపోయిన వార్తలు విశాఖలో ప్రతి ఏడూ చదువుతూనే ఉన్నాం.

ప్రశ్న: హోటల్ రూమ్ నుంచి బీచ్‌కి రాగానే లెన్స్ మీద మంచు పట్టినట్టు అవుతోంది. తుడిచినా మళ్లీ వస్తోంది. పాడైందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పాడవలేదు, టెన్షన్ వద్దు. ఏసీలో చల్లబడిన గాజు మీద తీరపు తేమ గాలి చెమటలా పడుతోంది. కెమెరా బ్యాగుని మూసి ఉంచి అరగంట ముందే బాల్కనీలో పెట్టండి. లెన్స్ మాత్రం బయట విప్పొద్దు, తేమ లోపలికి పోతుంది. మీరు జాగ్రత్త పడాల్సింది ఉప్పు గురించి. ఒడ్డున గంటసేపు ఉంటే ముందు గాజు మీద సన్నటి పొర కడుతుంది, ఫొటోలు పాలు కలిపినట్టు వస్తాయి. పొడి గుడ్డతో రుద్దితే ఆ ఉప్పు గింజలే గీతలు పెడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మంచినీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో అద్ది తీసి, అప్పుడు పొడి గుడ్డ. ట్రైపాడ్ కాళ్లని రూముకి రాగానే మంచినీళ్లతో కడగండి.

ప్రశ్న: సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ఆగి పులికాట్‌లో ఫ్లెమింగోలను 600 మి.మీ.తో తీశాను. ట్రైపాడ్, 1/2500, అన్నీ సరిగ్గానే పెట్టాను. అయినా నీళ్లలోంచి చూసినట్టు వచ్చాయి.
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: సమయం రాయలేదు గానీ పదకొండు దాటి ఉంటుంది. ఎండకి వేడెక్కిన నేల మీదా, లోతులేని నీళ్ల మీదా గాలి మరుగుతున్నట్టు ఊగుతుంది, వేసవిలో తారు రోడ్డు మీద కనిపించేదే ఇది. మీకూ పక్షికీ మధ్య అర కిలోమీటరు అలాంటి గాలి ఉంటే ఏ లెన్సూ ఏమీ చేయలేదు, పెద్ద లెన్స్ ఆ వణుకుని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. పొద్దు పొడిచిన గంటన్నరలోపు వెళ్లండి. పక్షులు దూరంగానే ఉంటే వాటిని చిన్నవిగానే వదిలేసి, సరస్సంతా వచ్చేట్టు తీయండి. కారు కిటికీ లోంచి తీస్తే ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి కాసేపు ఆగండి, లోపలి గాలికీ బయటి గాలికీ తేడా ఉన్నా ఇదే వణుకు వస్తుంది.

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ చదువుతున్నాను. నా దగ్గర ఫోనే ఉంది. ఉప్పాడ బీచ్‌లో చిప్స్ వేస్తే సీగల్స్ దగ్గరికి వస్తాయని, అప్పుడు ఫోన్‌తో కూడా షార్ప్‌గా తీయొచ్చని ఒకరు చెప్పారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వెయ్యొద్దు తమ్ముడూ. ఉప్పు, కారం, నూనె వాటి తిండి కాదు, పైగా మనుషుల చేతుల వైపు చూడ్డం అలవాటైతే వాటికే ప్రమాదం. అవి దగ్గరికి వచ్చే చోటు మీ ఊళ్లోనే ఉంది. జాలర్లు అలివి వల లాగేటప్పుడు వెళ్లు. వల ఒడ్డుకు చేరుతున్నకొద్దీ పక్షులు పైన తిరగడం మొదలవుతుంది, వల సంచి నీళ్లలో తేలగానే జారిపోయిన నెత్తళ్ల కోసం ఒక్కొక్కటే దిగి, కాళ్లు తడవకుండా ముక్కుతో అందుకుని లేస్తుంది, ముక్కు నుంచి నీటి చుక్కలు వరసగా రాలతాయి. వల లాగేవాళ్లని అడిగి, తాడుకి అడ్డం రాకుండా పక్కన నిలబడు.

ఫోన్ లెన్స్‌ని ముందు చొక్కాతో కాదు, మెత్తటి గుడ్డతో తుడువు. తెరని వేళ్లతో లాగి పెద్దది చేయకు, అది ఫొటోని కత్తిరించి సాగదీయడమే. ఫోన్‌లో విడిగా టెలిఫొటో లెన్స్ ఉంటే అది, లేకపోతే జూమ్ లేకుండా 1ఎక్స్. పక్షులు దిగే చోట, అంతే దూరంలో ఉన్న వల మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది, వెలుతురు కొంచెం కిందికి జరుపు, బరస్ట్‌లో (వరసగా చాలా ఫొటోలు) తియ్యి. ఒక్క పక్షి కన్ను ఫోన్‌కి దొరకదు, దాని వెంట పడొద్దు. తాడు లాగే చేతులు, వల, దాని మీద తెల్లగా ముసిరిన గుంపు, ఇవన్నీ ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి ఫోన్‌కి అన్నీ షార్ప్‌గా వస్తాయి. మంచిదొకటి వస్తే పంపు, వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో, సైజు తగ్గించకుండా.