మెమరీ చిప్‌ల మీద మనసుపడ్డ అమ్మాయి: ఈసీఈనా, సీఎస్ఈనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. ఈఏపీసెట్ ర్యాంకుకు మంచి కాలేజీలో ఈసీఈ వచ్చేలా ఉంది. సీఎస్ఈ కావాలంటే ఓ మోస్తరు కాలేజీతో సరిపెట్టుకోవాలి. చుట్టాలందరూ సీఎస్ఈయే అంటున్నారు. తనేమో మెమ్‌రిస్టర్, ఎంర్యామ్ అంటూ కొత్తరకం కంప్యూటర్ మెమరీల గురించి చదువుతూ, అందులోనే పనిచేస్తానంటోంది. దానికి భవిష్యత్తు ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మంచి కాలేజీలో ఈసీఈ వస్తే తీసుకోండి. కానీ మెమ్‌రిస్టర్ అనే ఒక్క పేరు మీద అమ్మాయి కెరీర్ మొత్తం పెట్టవద్దు. ఈ రెండు మాటలూ కలిపి ఎందుకంటున్నానో చెబుతాను.

ఇవాళ మన ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఉన్న ర్యామ్‌కు మూలం ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ చేసిన ఆవిష్కరణ. దానికి 1968లో పేటెంట్ వచ్చింది. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ కలిస్తే ఒక బిట్, అంటే సున్నానో ఒకటో దాచే చోటు. కెపాసిటర్‌లోని చార్జ్ కారిపోతూ ఉంటుంది కనుక మామూలుగా 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా దాన్ని మళ్లీ నింపాలి. కరెంటు పోతే సమాచారమూ పోతుంది. పెన్‌డ్రైవ్‌లలో, ఎస్ఎస్‌డీలలో ఉండే ఫ్లాష్ మెమరీకి ఆ ఇబ్బంది లేదు. కానీ అది నెమ్మది, పైగా చెరిపి రాసేకొద్దీ అరిగిపోతుంది. ర్యామ్ వేగం, ఫ్లాష్ నిలకడ ఒకే చోట దొరకాలని ఎన్నో ల్యాబులు ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాయి.

ఏఐ వచ్చాక అసలు ఇబ్బంది మరోచోట బయటపడింది. లెక్క చేసే ప్రాసెసర్ ఒకచోట, అంకెలు దాచే మెమరీ ఇంకోచోట. వంటకు పట్టే సమయం కన్నా కిరాణా కొట్టుకు తిరిగే సమయమే ఎక్కువైనట్టు, లెక్కకయ్యే కరెంటు కన్నా అంకెలను అటూఇటూ మోయడానికయ్యే కరెంటే చాలా ఎక్కువ. మెమరీలోనే లెక్క జరిగిపోతే ఆ మోత చాలావరకు తప్పుతుంది. మెమ్‌రిస్టర్ల మీద ఆశ అక్కడే ఉంది. తనలోంచి పోయిన కరెంటును బట్టి నిరోధం మారి, కరెంటు ఆపినా దాన్ని గుర్తుంచుకునే చిన్న భాగమే మెమ్‌రిస్టర్. వాటిని అడ్డం, నిలువు తీగల గడిలో పేర్చి, ఒక్కో దాని కండక్టెన్స్‌లో (కరెంటును ఎంత సులువుగా పోనిస్తుందో ఆ కొలతలో) ఒక్కో అంకెను దాస్తారు. అడ్డతీగలకు వోల్టేజీ ఇస్తే ఓమ్ నియమం ప్రకారం ప్రతి గడిలో గుణకారం జరుగుతుంది. ఆ కరెంట్లన్నీ నిలువుతీగలో కలిసినప్పుడు కిర్కాఫ్ నియమం ప్రకారం కూడిక జరుగుతుంది. మాత్రికల గుణకారం ఒక్క అడుగులో అయిపోయినట్టే. ఏఐ చేసే పనిలో పెద్దభాగం ఈ గుణకారమే. మీ అమ్మాయి ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన రెండు నియమాలే ఇవి. తను ఎందుకు మనసుపడిందో నాకు బాగా అర్థమవుతోంది. బెంగళూరు ఐఐఎస్‌సీ బృందం 2024లో ఒకే మెమ్‌రిస్టర్‌లో 16 వేలకు పైగా కండక్టెన్స్ స్థాయిలను చూపించింది. అంటే ఇది ఎక్కడో పరాయి దేశాల్లోనే జరిగే పని కాదు.

ఇక జాగ్రత్త మాట. మెమ్‌రిస్టర్ ఉండాలని లియోన్ చువా 1971లోనే సిద్ధాంతం రాశారు. 2008లో హెచ్‌పీ ల్యాబ్స్ తయారుచేసి చూపించింది. అయినా మన ల్యాప్‌టాప్‌లో ర్యామ్ స్థానంలోకి అది ఇంకా రాలేదు. ఇంటెల్, మైక్రాన్ కలిసి 2015లో త్రీడీ ఎక్స్‌పాయింట్ అనే కొత్తరకం మెమరీని ఎంతో ఆర్భాటంగా ప్రకటించాయి. ఇంటెల్ దాన్ని ఆప్టేన్ పేరుతో అమ్మింది, 2022లో ఆ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు చెప్పింది. అయస్కాంత గుణంతో సమాచారం దాచే ఎంర్యామ్ మాత్రం చిన్న చిన్న కంట్రోలర్ చిప్‌లలోకి నిశ్శబ్దంగా చేరిపోయింది. ఏది నిలుస్తుందో ముందే చెప్పడం కష్టం. కానీ వీటన్నిటికీ కావలసిన చదువు ఒకటే: సెమీకండక్టర్ ఫిజిక్స్, సర్క్యూట్లు, కంప్యూటర్ ఆర్కిటెక్చర్. పేరు మారినా ఆ చదువు చేతిలోనే ఉంటుంది. పాత ర్యామ్‌నే పొరలుగా పేర్చిన హెచ్‌బీఎంకు ఏఐ చిప్‌ల వల్ల ఇప్పుడున్న గిరాకీ చూడండి. అక్కడా ఇదే చదువు పనికొస్తుంది.

హైదరాబాద్‌లో ఉండటం మీకు కలిసొచ్చే విషయం. మైక్రాన్, ఏఎండీ, క్వాల్‌కామ్‌లకు ఇక్కడ పెద్ద ఆఫీసులున్నాయి. అయితే ఇక్కడ జరిగేది ఎక్కువగా డిజైన్, వెరిఫికేషన్, ఫర్మ్‌వేర్ పని. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ పెట్టిన ప్లాంటు కూడా చిప్‌ల ప్యాకేజింగ్, టెస్టింగ్ కోసమే. చిప్ డిజైన్‌కు, వెరిఫికేషన్‌కు వాడే వెరిలాగ్, సిస్టమ్ వెరిలాగ్ భాషలు గట్టిగా వస్తే బీటెక్‌తోనే ఈ ఉద్యోగాలకు పోటీపడవచ్చు. కొత్త పదార్థాలతో మెమరీని తనే తయారుచేయాలన్నది కోరికైతే దారి పొడుగు. గేట్ రాసి ఐఐఎస్‌సీలోనో, కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లోనో ఎంటెక్, ఆపైన పీహెచ్‌డీ చేయాలి. డబ్బు గురించి మరీ భయపడకండి. గేట్‌తో చేరిన ఎంటెక్ వారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంది. పీహెచ్‌డీలో ఇచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ 2023లో నెలకు 37,000 రూపాయలకు పెరిగింది. కానీ తోటివాళ్లు జీతాలు తెచ్చుకుంటున్నప్పుడు తను ఇంకా ల్యాబ్‌లోనే ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

ఈసీఈలో చేరినా కోడింగ్ వదలకూడదు. సీ, పైథాన్ మొదటి ఏడాదే మొదలుపెట్టమనండి. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలు వినడానికి డబ్బు కట్టనక్కర్లేదు, ఎన్‌జీస్పైస్‌లో సర్క్యూట్లు ఉచితంగా సిమ్యులేట్ చేయవచ్చు. మొదటి ఏడాదిలోనే ‘వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) జాబ్ గ్యారంటీ’ అని లక్షలు అడిగే చోట దయచేసి కట్టకండి.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒక పని చేయించండి. పైన చెప్పిన తీగల గడిని మూడు అడ్డం, మూడు నిలువుగా కాగితం మీద గీసి, తనకు తోచిన కండక్టెన్స్‌లు, వోల్టేజీలు వేసుకుని, ప్రతి నిలువుతీగలో ఎంత కరెంటు వస్తుందో కట్టమనండి. ఆ తర్వాత అదే లెక్కను పైథాన్‌లో రాయమనండి. రాకపోతే నాలుగైదు రోజులు తీసుకుని నేర్చుకోనివ్వండి. కాగితం మీద లెక్కలో లీనమైతే ఈసీఈకే మొదటి ఆప్షన్ ఇవ్వండి. సర్క్యూట్ విసుగనిపించి, ప్రోగ్రామ్ దగ్గరే గంటలు గడిపితే సీఎస్ఈలో చేర్చండి. ఇలాంటి చిప్‌లకు, మనం రాసిన ప్రోగ్రామ్‌ను చిప్ భాషలోకి మార్చే కంపైలర్లు రాసేవాళ్లూ కావాలి కాబట్టి, అటునుంచి కూడా తను మెమరీ రంగంలోకి రావచ్చు.