అడయార్ ముందు ‘ది’ ఎప్పుడు పెట్టాలి?

టి.నగర్, చెన్నై

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫొటో తీసి పంపిన ఇంగ్లీషు లీవ్ లెటర్ చదివాను. చెప్పాలనుకున్నది చక్కగా చెప్పావు. కాకపోతే ‘తెలుగు’ను చిన్న టీతో మొదలుపెట్టావు, ‘మై అంకుల్’లో అంకుల్‌కి క్యాపిటల్ పెట్టావు. టెన్షన్ పడకు. మన లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అని లేవు కదా, కంటికి ఆ అలవాటు ఉండదు. నా మొదటి ఉద్యోగం దరఖాస్తులో నేనూ ‘తెలుగు’ను అలాగే రాశాను. ఆఫీసరు ఎర్ర సిరాతో దాని చుట్టూ సున్నా చుట్టి నా ముందు పెట్టాడు. ఆ సున్నా నాకింకా గుర్తే.

మా ఇంటి దగ్గర పానగల్ పార్కు చూశావుగా. పార్కులు ఊరి నిండా ఉన్నాయి, ‘పార్కు’ అన్న మాట కామన్ నౌన్. పానగల్ పార్కు ఒక్కటే. అందుకే ప్రాపర్ నౌన్, రెండు మాటలకీ క్యాపిటల్. భాషలు, వారాలు, నెలలు కూడా పేర్లే. సమ్మర్, వింటర్ మాత్రం కావు.

అంకుల్ దగ్గర కాస్త ఆగి చూడు. ముందు ‘మై’ ఉంటే అది వరస, చిన్న అక్షరం. ‘అంకుల్, ప్లీజ్ కమ్’ అని పిలిస్తే అదే నా పేరు, క్యాపిటల్ పడాలి.

మీ హాస్టల్ ఉన్న అడయార్ సంగతి ఇంకా బాగుంటుంది, అది ఏరియా పేరూ, నది పేరూ. ఏరియా అయితే ‘ఐ లివ్ ఇన్ అడయార్’, ముందు ‘ది’ రాదు. నది అయితే ‘ది అడయార్’. ఇంగ్లీషులో నదుల పేర్ల ముందు ‘ది’ పెడతారు, ‘ది కూవం’ కూడా అంతే. ఊళ్లకు మామూలుగా పెట్టరు, కాబట్టి ‘ది చెన్నై’ అని ఎప్పుడూ రాయకు.

1996లో చెన్నైగా మారిన మద్రాసు పేరు ఒక బట్టకూ ఉంది. ఇక్కడి గళ్ల నూలుబట్టను ఇంగ్లీషువాళ్లు ‘మద్రాస్’ అంటారు, డిక్షనరీలో దానికి చిన్న ఎమ్ ఉంటుంది. పేరు కాస్తా సరుకైపోయిందన్నమాట. నాకు భలే ఇష్టమైన మాట ఇది.

పాండీ బజార్ బోర్డులు చూసి మాత్రం నేర్చుకోకు, వాటిలో చాలావరకు అన్నీ క్యాపిటల్సే. పేపర్లో హెడ్డింగులు వదిలేసి రోజుకో పేరా తీసుకో. వాక్యం మధ్యలో పెద్ద అక్షరం కనబడిన ప్రతిచోటా గీత గీసి, ఎందుకొచ్చిందో పైకి చెప్పుకో. నెల తిరక్కుండానే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది.

లెటర్ దిద్ది, వార్డెన్‌కి ఇవ్వకముందే ఇంకో ఫొటో పంపు.

మీ మామయ్య