సెల్లార్‌లో చెక్క నేల: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సెల్లార్ గదికి చెక్క ఫ్లోరింగ్ వేయించాలనుకుంటున్నాం. కాంక్రీటు నేల చేతికి పొడిగానే తగులుతోంది. నేల మట్టానికి కింద ఉన్న గదిలో చెక్క నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది, చెమ్మ సంగతి ముందే తేల్చుకుంటే. ఒకే మానులోంచి కోసిన సాలిడ్ పలకలు మాత్రం సెల్లార్‌కి వద్దు. చెమ్మకు అవి అడ్డంగా బాగా ఉబ్బుతాయి. వాటి బదులు ఇంజనీర్డ్ పలకలు తీసుకోండి. ఇంజనీర్డ్ పలకలో పైన అసలు చెక్క పొర, దాని కింద నిలువూ అడ్డమూ మార్చి అంటించిన ప్లైవుడ్ పొరలు ఉంటాయి. ఒక పొర సాగబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. లోపల ప్లైవుడ్ బదులు హెచ్‌డీఎఫ్ (చెక్క పీచును గట్టిగా నొక్కి చేసిన బోర్డు) ఉన్నవీ దొరుకుతాయి గానీ సెల్లార్‌కి మా ఓటు ప్లైవుడ్‌కే. హెచ్‌డీఎఫ్ అంచు ఒకసారి నీళ్లు తాగి ఉబ్బిందంటే మళ్లీ పాత మందానికి రాదు.

చేతికి పొడిగా తగలడాన్ని నమ్మకండి. కాంక్రీటు పైన ఆరిపోయి లోపల తడిగానే ఉండొచ్చు. మందపాటి పాలిథీన్ షీటును 18 అంగుళాల చదరంగా కత్తిరించి, నాలుగు అంచులా గాలి చొరకుండా టేపు అంటించి, ఒక రోజు వదిలేయండి. విప్పి చూసినప్పుడు షీటు లోపల నీటి ముత్యాలు కనిపించినా, ఆ చదరం మేర కాంక్రీటు నల్లబడినా పని ఆపాల్సిందే. ఈ పరీక్ష గోడల వారనా, గది మధ్యలోనా, కనీసం మూడు నాలుగు చోట్ల, వీలైతే వానల రోజుల్లో చేయండి. షీటు కింద ఏమీ కనబడనంత మాత్రాన గండం గడిచినట్టు కాదు, అది ఆ రోజు సంగతే చెబుతుంది. గట్టి రుజువు కావాలంటే కాంక్రీటులో రంధ్రం చేసి తేమ మీటరు పెట్టించాలి. రంధ్రం లోతు కాంక్రీటు మందంలో 40 శాతం, అంటే 100 మిల్లీమీటర్ల కాంక్రీటుకు 40 మిల్లీమీటర్లు. లోపలి తేమ 75 శాతం లోపు ఉంటే నిశ్చింత. అంతకు మించితే పలకల తయారీదారు ఎంతవరకు ఒప్పుకుంటారో చూడాలి.

గోడ పగుళ్లలోంచి నీరు ఊరుతుంటే ముందు ఆ నీటి దారి మూయాలి. పాలిథీన్ షీటు ఆవిరిని ఆపగలదు, నీటిని కాదు.

ప్రశ్న: పలకలను కాంక్రీటుకు జిగురుతో అంటిస్తేనే గట్టిగా ఉంటాయని మేస్త్రీ అంటున్నారు. తేలే పద్ధతిలో వేస్తే కదిలిపోవా?

జవాబు: జిగురుతో అంటించే పద్ధతీ ఉంది, అది తప్పు కాదు. కానీ ఒకే నేలలో రెండు పద్ధతులూ కలపకూడదు. తేలే పద్ధతిలో పలకలు కాంక్రీటును ఎక్కడా పట్టుకోవు. ఒకదాన్నొకటి పట్టుకుని గది నిండా ఒకే చాపలా పరుచుకుంటాయి. ఆ చాప తేమకు సాగుతుంది, పొడికి ముడుచుకుంటుంది. దానికి చోటివ్వడమే ఈ పద్ధతిలోని కీలకం. ఒక్క మేకు దిగినా, ఒక చోట జిగురు పడినా కదలిక అక్కడ ఆగి, మరెక్కడో నేల లేస్తుంది.

ముందు మట్టం. 3 మీటర్ల అల్యూమినియం బద్ద నేల మీద పెట్టి, దాని కింద సందు 5 మిల్లీమీటర్లు దాటకుండా చూడాలి. బుడిపెలు గ్రైండర్‌తో తీయండి, గుంటలు సెల్ఫ్ లెవెలింగ్ (దానంతట అదే మట్టంగా పరుచుకునే) మిశ్రమంతో నింపండి. దాని మీద, పలకల కింద, పల్చని ఫోమ్ పొర పరుస్తారు. గుంటలో అదనంగా ఫోమ్ ముక్క సర్దే అలవాటు చాలా చెడ్డది. అడుగు పడ్డప్పుడల్లా పలక కిందికి ఊగి, కొన్నాళ్లకు పక్క పలకను పట్టుకునే దాని గాడి విరుగుతుంది. రెండు పొరల ఫోమ్ వేసినా ఇదే గతి. 2 లేదా 3 మిల్లీమీటర్లది ఒక్క పొర చాలు. దాని కింద 0.15 మిల్లీమీటర్ల పాలిథీన్ షీటు పరవండి. షీట్లు ఒకదాని మీదికి ఒకటి 6 నుంచి 8 అంగుళాలు ఎక్కాలి, అతుకుకు టేపు వేయాలి, గోడ మీదికి రెండు అంగుళాలు లేవాలి. ఫోమ్‌కే ఆవిరిని ఆపే పొర అతికించి ఉంటే వేరే షీటు అక్కర్లేదు.

పలకల పెట్టెలు కనీసం 48 గంటలు ఆ గదిలోనే ఉండాలి. గది తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి, అంతకు మించితే డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను లాగే యంత్రం) పెట్టండి. గోడల వెంటే కాదు, స్తంభం, పైపు, దర్వాజా దగ్గర కూడా 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. దర్వాజా చెక్కను కింద కోసి పలకను దాని కిందికి దూర్చండి. పక్కపక్క వరుసల అతుకులు కనీసం 8 అంగుళాల ఎడంగా రావాలి. సుత్తితో పలకను నేరుగా కొట్టొద్దు, మధ్యలో దిమ్మ పెట్టి కొట్టండి. స్కర్టింగ్ మేకులు గోడకే దిగాలి.

ప్రశ్న: 403 సెంటీమీటర్ల వెడల్పు, 550 సెంటీమీటర్ల పొడవు గది. పలక వెడల్పు 190 మిల్లీమీటర్లు. ఎన్ని పెట్టెలు కొనాలి? వరుసలు ఎలా వేసుకోవాలి?

జవాబు: వైశాల్యం సుమారు 22.2 చదరపు మీటర్లు. కోతలకు 10 శాతం కలిపితే 24.4. పెట్టెకు 2.2 చదరపు మీటర్లు వస్తే 12 పెట్టెలు. వేసేటప్పుడు మూడు నాలుగు పెట్టెలు ఒకేసారి విప్పి కలిపి వాడండి, రంగు తేడా ఒకే చోట పోగుపడదు.

వరుసల లెక్క ముందే వేసుకోవాలి. 4030లో రెండు వైపులా 12 చొప్పున తీసేస్తే 4006 మిల్లీమీటర్లు. అందులో 21 నిండు వరుసలకు 3990 పోగా మిగిలేది 16. అంత సన్నని చీలిక నిలవదు, కోస్తుండగానే గాడి ఊడిపోతుంది. కనీసం 50 మిల్లీమీటర్లు ఉండాలి. కాబట్టి మొదటి వరుసనూ చివరి వరుసనూ 103 మిల్లీమీటర్లకు కోసి, మధ్యలో 20 నిండు వరుసలు వేయండి. మన గోడలు తిన్నగా ఉండటం అరుదు, వెడల్పును మూడు చోట్ల కొలిచి ఈ లెక్క చేయండి.

ప్రశ్న: వేయించిన ఆరు నెలలకే గది మధ్యలో నేల పైకి లేచింది. అడుగు వేస్తే కిందికి దిగి, కాలు తీస్తే మళ్లీ లేస్తోంది. మొత్తం పీకేయాలా?

జవాబు: పీకకండి. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి నేల ఎక్కడో ఇరుక్కుంది. లేచిన చోటుకు ఎదురుగా ఉన్న గోడల దగ్గర స్కర్టింగ్ విప్పి చూడండి. పలక అంచు గోడను తాకి, సిమెంటు పూత మీద గీత పడి ఉంటే దొంగ దొరికినట్టే. పైపు చుట్టూ, దర్వాజా కింద, సిమెంటు గారతో నింపేసిన సందుల్లో కూడా వెతకండి. పలకల మీద బిగించిన బరువైన అల్మరా కూడా నేలను పట్టేస్తుంది. తాకిన చోట ఆసిలేటింగ్ రంపంతో (బ్లేడు వేగంగా అటూ ఇటూ ఊగే చేతి యంత్రం) 12 మిల్లీమీటర్ల మేర అంచు కోసి తీయండి. అతుకులు విరగకుండా ఉంటే కొద్ది రోజుల్లో నేల తనంతట తనే కూర్చుంటుంది.

ఒకే చోట కాకుండా ప్రతి పలకకూ రెండు అంచులు లేచి, నడుమ పల్లంగా కనిపిస్తే జబ్బు వేరు. కింద తడి, పైన పొడి. అప్పుడు తడి ఎక్కడిదో కనిపెట్టి ఆపాలి. ఆ పల్లాన్ని వెంటనే పాలిష్ మిషన్‌తో చదును చేయించకండి. తడి ఆరాక అంచులు దిగిపోతాయి, అప్పటికే అక్కడ చెక్క అరిగి ఉంటుంది కాబట్టి నడుమ గూనిలా మిగులుతుంది.