హెడ్ విప్పే ముందు

చిట్టీ,

పడవ వెనక బిగించే పాత ఔట్‌బోర్డ్ మోటార్ కొన్నావని, సొంతంగా బాగు చేసుకుంటానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వింటుంటే గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం భయం పట్టుకుంది. కింది సిలిండర్‌లో కంప్రెషన్, అంటే పిస్టన్ లోపలి గాలిని నొక్కే ఒత్తిడి, తక్కువ చూపిస్తోందట, రేపో మాపో హెడ్ (సిలిండర్ల మూత) విప్పేస్తావట. కాస్త ఆగమ్మా.

ముందు ఆ కొలత నిజమో కాదో తేల్చుకో. నీళ్లు అందేలా పెట్టి ఇంజన్‌ని వేడెక్కనిచ్చి ఆపు. ప్లగ్గులన్నీ తీసెయ్. గేరు న్యూట్రల్‌లో, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండాలి. ప్లగ్ రంధ్రంలో బిగించిన కంప్రెషన్ గేజ్ ముల్లు ఇక ఎక్కదు అనేదాకా ఇంజన్ తిప్పు, రెండు సిలిండర్లకూ అన్నేసి చుట్లే. బ్యాటరీ నీరసంగా ఉంటే మంచి సిలిండర్ కూడా తక్కువే చూపిస్తుంది. గేజ్‌నీ నమ్మకు, ఇంకో గేజ్‌తో సరిచూడు.

తిప్పే ముందు కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే స్విచ్) లాగెయ్, ప్లగ్ వైర్లు ఇంజన్ బాడీకి ఎర్త్ చెయ్. ఇది మర్చిపోయావని తెలిస్తే ఊరుకోను! తిప్పిన ప్రతిసారీ ప్లగ్ రంధ్రాల్లోంచి పెట్రోల్ ఆవిరి బయటికి చిమ్ముతుంది. దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. తలుపులు మూసిన షెడ్డులో అసలు వద్దు. జడ ముడేసుకో, పైన ఫ్లైవీల్ తిరుగుతుంటుంది. చిన్నప్పుడు తిరిగేది ఏది కనబడినా వేలు పెట్టబోయేదానివి, నాకింకా గుర్తే.

పాత టూ స్ట్రోక్‌లలో చాలావాటికి 90 నుంచి 130 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా మామూలే. అసలు చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. 105, 110 వస్తే నిశ్చింతగా ఉండు. 115, 75 వస్తే లోపల ఏదో జరిగినట్టే.

ఏం జరిగిందో తెలియకుండా పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మార్చకు. మన పాత రెండు సిలిండర్ల మోటార్‌కి ఇలాగే కింది సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోయింది. మెకానిక్ చూసి రింగులు పోయాయన్నాడు, కొత్తవి వేశాడు. గేజ్ ముల్లు చక్కగా లేచింది. తాతయ్య సంబరపడి మీ నాన్నని ఎక్కించుకుని నీళ్ల మధ్యకి వెళ్లాడు. అక్కడ అదే సిలిండర్‌లో పిస్టన్ కదలకుండా పట్టేసింది. ఎదురుగాలిలో తెడ్లు వేసుకుంటూ చీకటిపడ్డాక వచ్చారు. మీ నాన్న అరచేతులు బొబ్బలెక్కి రక్తం కారుతున్నాయి. మర్నాడు తాతయ్య పిస్టన్ తీసి వెలుతురులో తిప్పి చూపించాడు. పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ వైపు నిలువునా బూడిదరంగు గీతలు, గోరు పెడితే తగులుతున్నాయి. ఆ సిలిండర్ కార్బురేటర్‌లో మెయిన్ జెట్, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం, పాత పెట్రోల్ జిగురుతో సగం మూసుకుపోయి ఉంది. మన మోటార్‌లో ఆయిల్ పెట్రోల్‌లోనే కలిపి పోస్తాం కదా, పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. పిస్టన్ వేడెక్కి గోడని గీరేసింది. మెకానిక్ రింగులు చూశాడు, జెట్ విప్పలేదు.

అందుకని నువ్వు జెట్లు, ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల పంపు ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) ముందు చూడు. సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచి, పెరిగితే రింగులే అంటారు. ఔట్‌బోర్డ్‌లో సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి, ఆయిల్ ఒక పక్కకే చేరుతుంది. కాబట్టి ఆ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకు. రెండు సిలిండర్లలోనూ కంప్రెషన్ కలిసి పడిపోతే హెడ్ గాస్కెట్‌ని (హెడ్ కింద ఉండే సీలుని) అనుమానించు. ఎగ్జాస్ట్ కవర్ తీస్తే పోర్టులోంచి (సిలిండర్ గోడలో పొగ వెళ్లే రంధ్రంలోంచి) పిస్టన్ పక్కభాగం కనిపిస్తుంది, టార్చి వేసి చూడు. గీతలు లేకుండా మసి మాత్రమే ఉంటే రింగులు ఇరుక్కుపోయి ఉండొచ్చు. అప్పుడు కార్బన్ కరిగించే మందు వేసి చూశాకే మిగతాది.

రెండు సిలిండర్ల అంకెలు, జెట్ ఫొటో నాకు పంపు. అవి చూసి నేను ఫోన్ చేసేదాకా పడవ ఒడ్డు దాటకూడదు. తెడ్లు పడవలోనే ఉంచు, మోటార్ బాగయ్యాక కూడా.

మీ పెదనాన్న