గీత పడిన కళ్లద్దాలను రుద్దకు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

కళ్లద్దాల మీద గీతలు పడ్డాయనీ, టూత్‌పేస్టుతో రుద్దితే పోతాయని ఎవరో చెప్పారనీ రాశావు. ఆ పని మాత్రం చేయకమ్మా.

గీత పడిన చోట లెన్సు కొంత లేచిపోయి సన్నని గాడి ఏర్పడుతుంది. ఆ గాడి కనబడకుండా పోవాలంటే చుట్టూ ఉన్న భాగాన్నీ అంత లోతు అరగదీయాలి. అలా అరిగితే లెన్సు వంపు చెడుతుంది. నీ చూపుకు కావలసిన పవరు ఉండేది ఆ వంపులోనే కదా! పైగా టూత్‌పేస్టులో సిలికా, కాల్షియం కార్బొనేట్ వంటి గరుకు పొడులుంటాయి. పంటి ఎనామెల్ గట్టిది కాబట్టి తట్టుకుంటుంది. ఇప్పటి కళ్లద్దాలు చాలావరకు ప్లాస్టిక్‌వే, అవి తట్టుకోలేవు. వెలుతురు ప్రతిఫలించకుండా వేసే పూత పొరలన్నీ కలిపినా ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మందం కూడా ఉండదు. రుద్దితే అది మచ్చలు మచ్చలుగా లేచిపోయి, గీత ఉన్నచోటే కాక లెన్సంతా మసకబారుతుంది. వంట సోడా అయినా అంతే. వాజలైన్, మైనం గాడిని కాసేపు కప్పుతాయి కానీ దుమ్మును పట్టి, దీపాల వెలుగు అలికినట్టు కనిపించేలా చేస్తాయి.

ముందు అవి గీతలో కావో తేల్చుకో. గోరువెచ్చని నీటి ధార కింద పట్టి, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి, వేలికొనలతో మృదువుగా రుద్ది కడుగు. నీళ్లు దులిపి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దు. చర్మపు జిడ్డు చాలాసార్లు గీతలా భ్రమింపజేస్తుంది. ఆ తర్వాత దీపం కింద ఏటవాలుగా పట్టి చూడు. సాలెగూడులా సన్నని పగుళ్లు కనిపిస్తే అది చాలావరకు వేడి చేసిన పని. ఎండలో నిలిపిన కారులో వదిలేసినా, మరిగే నీటితో కడిగినా ప్లాస్టిక్ ఒక తీరున, పూత మరో తీరున వ్యాకోచించి పూత చిట్లుతుంది. దానికీ ఇంట్లో మందు లేదు.

గీత అంచున ఉంటే పట్టించుకోకు. కంటిపాపకు ఎదురుగా ఉండి, రాత్రివేళ ఎదుటి వాహనాల దీపాలు చెదిరి కనిపిస్తుంటే మాత్రం ఆలస్యం చేయకు, ఆ కళ్లద్దాలతో రాత్రిపూట బండి నడపకు. ఫ్రేము బాగుంటే లెన్సులు మాత్రమే మార్పించుకోవచ్చు.

కొత్తవాటిని పొడిగా ఉన్నప్పుడు తుడవకు. కొంగుతోనూ కాగితంతోనూ అసలే వద్దు. లెన్సు మీది దుమ్ము రేణువులను గుడ్డతో ఈడ్చడం వల్లే సగం గీతలు పడతాయని నా నమ్మకం. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరు, గోళ్ల రంగు తీసే ద్రవం వాటి దరికి రానివ్వకు. మైక్రోఫైబర్ గుడ్డను కూడా ఉతుకుతూ ఉండు. తీసినప్పుడు లెన్సులు బల్లకు తగలకుండా పెట్టు, సంచిలో అయితే పెట్టెలోనే.

కొనే ముందు పాత బిల్లు వెతుకు. లెన్సు పూతకు కొంతకాలం హామీ ఇచ్చే దుకాణాలున్నాయి. గడువు మిగిలి ఉంటే తక్కువ ఖర్చుతో మార్చవచ్చు. రుద్దిన ఆనవాళ్లు కనిపిస్తే వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, అందుకే ఉన్నవాటిని ఉన్నట్టే తీసుకెళ్లు.

ఇట్లు,
మామయ్య