ఆటోఫోకస్ పట్టకపోతే వెంటనే మోటార్ పోయిందనుకోకండి

మీరు అడిగింది ఇదీ: చిన్న డీఎస్ఎల్ఆర్, దాంతో వచ్చిన 18-55 లెన్స్, విడిగా కొన్న 50 ఎంఎం 1.8 ఉన్నాయి. రెండు నెలలుగా షట్టర్ సగం నొక్కితే లెన్స్ గుర్రుగుర్రుమంటూ ముందుకీ వెనక్కీ తిరుగుతోంది గానీ బీప్ రాదు, ఫోటో పడదు. పడినప్పుడేమో మొహం మసకగా, వెనక కర్టెన్ స్పష్టంగా వస్తోంది. కోఠిలో ఒకాయన చూసి మోటార్ పోయింది, 3,500 అవుతుందన్నారు. చేయించాలా, కొత్త లెన్స్ కొనాలా?

డబ్బులు ఇంకా ఇవ్వకపోతే కొంచెం ఆగండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. ఫోకస్ దొరక్క లెన్స్ తడుముకోవడం ఒకటి. దొరికిందని బీప్ కొట్టి మరీ తప్పు చోట నిలబడటం ఇంకొకటి. కర్టెన్ అంత స్పష్టంగా వస్తోందంటే మోటార్ ఒక చోటికి వెళ్లి ఆగగలుగుతోందనే కదా. పైగా ఈ గొడవ ఒక్క లెన్స్‌కేనా, రెండింటికీనా అన్నది మీరు రాయలేదు. రెండింటికీ ఉంటే రెండు మోటార్లూ ఒకే నెలలో పోయాయంటే నేను నమ్మను.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఇలాగే 1,500 పోగొట్టుకున్నాను. దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి 2020లో తెరిచారు కదా, ఆ తర్వాత నీళ్లలో దాని లైట్లు తీయాలన్న పిచ్చిలో లెన్స్ ముందు బిగించే నల్లటి అద్దం, పోలరైజర్ ఫిల్టర్ అంటారు, అదొకటి కొన్నాను. పెట్టిన ఫిల్టర్ తీయడం మర్చిపోయాను. వారం తర్వాత ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీస్తుంటే అచ్చం మీరు చెప్పినట్టే గుర్రుగుర్రు. ఒక షాపులో ఇస్తే ‘మోటార్ సర్వీసు’ అని బిల్లు వేసి, ఫిల్టర్‌ని విడిగా కాగితంలో చుట్టి ఇచ్చారు. అక్కడే చూసుకున్నాను, ఫోకస్ టక్కున పట్టింది. ఇంకేం, సంతోషం. నెల తర్వాత గండిపేట వెళ్తూ మళ్లీ ఫిల్టర్ బిగించాను. ఆ సాయంత్రం వనస్థలిపురంలో అక్కావాళ్లింట్లో పిల్లాడి పుట్టినరోజు. కేక్ కోసేశారు, పాట అయిపోయింది, నా లెన్స్ ఇంకా తిరుగుతూనే ఉంది. అప్పుడు వెలిగింది నాకు.

సంగతి ఏమిటంటే పోలరైజర్ వచ్చే వెలుగులో సగానికి పైగా మింగేస్తుంది. 18-55ని 55 దాకా జూమ్ చేస్తే లెన్స్ నోరు ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు. చిన్న డీఎస్ఎల్ఆర్‌లలో ఫోకస్ సెన్సర్‌కి మామూలుగా అదే హద్దు. దాని మీద ఈ నల్లద్దం కూడా పెడితే, సాయంత్రం గదిలో పాపం అది ఏం చూస్తుంది? కాబట్టి మీ లెన్స్ ముందు ఏ ఫిల్టర్ ఉన్నా, చవక యూవీ అద్దమైనా సరే, ముందు అది విప్పండి.

తర్వాత ఈ పరీక్ష చేయండి. పగటిపూట బాల్కనీలో ఒక న్యూస్ పేపర్‌ని గోడకి నిటారుగా అంటించండి. కెమెరాని స్టూల్ మీద, పుస్తకాల దొంతర మీద కదలకుండా పెట్టండి. ఫోకస్ పాయింట్ ఆటోలో వదలకుండా నడిమిది ఒక్కటే ఎంచుకుని హెడ్డింగ్ మీద పెట్టండి. వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో చూస్తూ అయిదు ఫోటోలు, లైవ్ వ్యూ పెట్టి, అంటే వెనక స్క్రీన్ మీద చూస్తూ అయిదు తీయండి. ప్రతి ఫోటోకీ ముందు కెమెరాని ఒకసారి దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసి మళ్లీ పేపర్ మీదికి తెండి, లేకపోతే లెన్స్ కదలకుండా పాత చోటే ఉండి మిమ్మల్ని మోసం చేస్తుంది. రెండో లెన్స్‌తోనూ ఇదే.

లైవ్ వ్యూలో స్పష్టంగా వచ్చి, వ్యూఫైండర్‌తో తీసినవి మసకగా ఉంటే లెన్స్ మోటార్ నిర్దోషి. వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు డీఎస్ఎల్ఆర్ ఫోకస్‌ని ఫోటో తీసే సెన్సర్‌తో చూడదు. కెమెరా లోపల ఆ సెన్సర్ ముందున్న అద్దం మధ్యలోంచి కొంత వెలుగు లోపలికి వెళ్లి, వెనక ఉన్న చిన్న అద్దం మీద పడి, కింద అడుగున ఉన్న వేరే సెన్సర్‌కి చేరుతుంది. ఆ దారీ, అసలు సెన్సర్ దాకా ఉన్న దారీ సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ ప్రతిసారీ ముందుకో వెనక్కో జరుగుతుంది. మీ కర్టెన్ కథ ఇదే కావచ్చు. నికాన్ డీ7200, కెనాన్ 80డీ లాంటి వాటిలో దీన్ని మెనూలోనే మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా మనమే సర్దుకోవచ్చు. కెనాన్ 1500డీ, నికాన్ డీ3500 లాంటి వాటిలో ఆ సౌకర్యం లేదు, సర్వీస్ సెంటర్‌లోనే చేయించాలి. అక్కడ ‘క్యాలిబ్రేషన్’ అని అడగండి, మోటార్ మాట ఎత్తకండి.

పేపర్ రెండు పద్ధతుల్లోనూ బాగా వచ్చిందనుకోండి, అప్పుడు తప్పు మన చేతిది. కోపం తెచ్చుకోకండి, నాదీ అదే. 50 ఎంఎంతో ఎఫ్/1.8లో మీటరున్నర దూరంలో ఉన్న మనిషిని తీస్తే స్పష్టంగా ఉండే మందం సుమారు ఆరు సెంటీమీటర్లే. బీప్ వచ్చాక మీరు కాస్త ముందుకి ఊగినా, మీరు తీస్తున్న ఆవిడ నవ్వుతూ ముందుకు వంగినా కళ్లు పోతాయి, జడ స్పష్టంగా వస్తుంది. లెన్స్ నోరు కాస్త మూసి ఎఫ్/2.8కి తెచ్చి చూడండి. ఇంకొకటి, మీ 50 కెనాన్ వాళ్ల ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటార్) రకం అయితే 35 సెంటీమీటర్ల కన్నా దగ్గర ఫోకస్ కాదు. గాజుల మీదికి దూరిపోయి తీయబోతే తిరుగుతూనే ఉంటుంది. బోసి గోడ మీద పెట్టినా అంతే, గీతలు లేని చోట దానికి పట్టు దొరకదు.

బతుకమ్మ ఆడేవాళ్లని తీసేటప్పుడు ఒకసారి ఫోకస్ పట్టి ఆగిపోయే వన్ షాట్‌లో పెడితే బీప్ వచ్చేలోపు వాళ్లు రెండడుగులు తిరిగిపోతారు. అక్కడ కదిలేవాళ్ల వెంట ఫోకస్ మారుతూ ఉండే పద్ధతి పెట్టండి, కెనాన్‌లో ఏఐ సర్వో, నికాన్‌లో అయితే ఏఎఫ్-సీ. చీకటి పడ్డాక మొహం మీద కాదు, చీర అంచు మీద పాయింట్ పెట్టండి, వెంటనే పడుతుంది.

రెండు పద్ధతుల్లోనూ, ఒక్క లెన్స్‌తోనే, పట్టపగలు కూడా గుర్రుమంటే అప్పుడు లెన్స్‌ని అనుమానించండి. దాని వెనక కెమెరాకి తగిలే బంగారు రంగు చుక్కలుంటాయి, కెమెరా ఆపేసి వాటిని పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. రబ్బరుతో రుద్దమని కొందరంటారు, నేను రుద్దను, ఆ పొట్టు లోపల పడితే ఇంకో తలనొప్పి. లోపలి అద్దాన్ని మాత్రం వేలితో, గుడ్డతో ముట్టుకోవద్దు. నోటితో ఊదనూ వద్దు. ఎస్‌టీఎం లెన్స్‌లో కెమెరా ఆఫ్‌లో ఉంటే రింగు తిప్పినా ఏమీ కదలదు, అది దాని స్వభావం, విరిగినట్టు కాదు.

వ్యూఫైండర్‌లో చూపే మసకగా ఉంటే పక్కనున్న చిన్న చక్రం తిప్పండి. మా మామయ్య కళ్లద్దాలు తీసి ఒకసారి చూశాడు, తనకి తగ్గట్టు దాన్ని తిప్పేశాడు, మూడు రోజులు నేను ఫోకస్‌ని తిట్టుకున్నాను.

మోటారే పోయిందని తేలినా 18-55కి 3,500 పెట్టొద్దు. కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్ కిట్ లెన్స్ ఎంతకి దొరుకుతోందో ముందు అడగండి. మీ కెమెరా వెంట తీసుకెళ్లి, బిగించి, షాపు బయట ఎండలోనూ లోపల నీడలోనూ తీసి చూసుకున్నాకే డబ్బులివ్వండి. 50 సంగతి పరీక్ష అయ్యాక చూద్దాం. ఏ లెన్స్‌తో ఏం వచ్చిందో కింద రాయండి, ఫిల్టర్ ఉందో లేదో కూడా.