వైట్ గీతలు గీతలుగా పడుతోందా? హెడ్ మార్చే ముందు గదిలో గాలి చూడండి

మీరు అడిగింది ఇది: ఏడాది వాడిన డీటీజీ మెషీన్ (గుడ్డ మీద నేరుగా ఇంక్‌తో ప్రింట్ చేసేది), రంగులన్నీ బాగానే పడుతున్నాయి, నల్ల టీ షర్ట్ మీద వైట్ మాత్రం గీతలుగా వస్తోంది, ఇంక్ చిమ్మే హెడ్‌కి ఎన్ని క్లీనింగ్‌లు కొట్టినా మారట్లేదు, హెడ్ మార్చమంటున్నారు, మార్చాలా? వద్దండీ. ఇంకో నాలుగు రోజులు ఆగండి. నేను చూసినంతవరకు వైట్ రావట్లేదన్న మెషీన్లలో చాలావాటికి హెడ్ బాగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్నవే బాగుండవు. ఈ మాట నేను గట్టిగా అనడానికి ఒక కారణం ఉంది.

మాది హనుమకొండలో చిన్న షాపు, ఏ3 సైజు మెషీన్ ఒకటి. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో ఇంజనీరింగ్ ఫైనలియర్ పిల్లలు ఫేర్‌వెల్ కోసం 120 నల్ల టీ షర్టులు ఆర్డర్ ఇచ్చారు. వీపు మీద క్లాసులో అందరి పేర్లు, తెలుగులో, చిన్న అక్షరాల్లో, అన్నీ తెలుపే. శనివారం సాయంత్రానికి ఇచ్చేయాలి. గురువారం మధ్యాహ్నం ఇరవయ్యో షర్టు దగ్గర తెలుపు మధ్యలో వెంట్రుకంత నల్ల గీత కనిపించింది. ఇరవై మూడో షర్టుకి పేర్ల మీద తలకట్లే లేవు. గుళ్లు ఎగిరిపోయి ‘వి’ కాస్తా ‘వ’ అయింది. ఆ పిల్లలు డబ్బులు పోగేసుకుని చేయించుకుంటున్న షర్టు అది, తన పేరు తప్పు పడితే ఎవరు తీసుకుంటారు?

టెన్షన్‌లో అందరూ చేసే పనే నేనూ చేశాను. క్లీనింగ్ కొట్టాను, మళ్లీ కొట్టాను, పవర్ క్లీనింగ్ కొట్టాను, మొత్తం తొమ్మిది సార్లు. తొమ్మిదోసారికి మొదట్లో కంటే ఎక్కువ నాజిల్స్ (హెడ్‌లో ఇంక్ వచ్చే సన్నని రంధ్రాలు) పోయాయి. ఇది చాలామందికి తెలియదు: వెంటవెంటనే క్లీనింగ్‌లు కొడితే పంపు లాగుతున్నంత వేగంగా వైట్ రాలేదు, చిక్కగా ఉంటుంది కదా, ఆ ఖాళీలోకి గాలి దూరుతుంది. మీరు ఎన్నిసార్లు కొట్టారో రాయలేదు కానీ, దయచేసి ఇక వరసగా కొట్టకండి. కొట్టాల్సి వస్తే రెండే కొట్టండి, మెషీన్‌ని ఓ రెండు గంటలు వదిలేయండి, అప్పుడు చూడండి.

ఫోన్‌లో వీడియో చూసిన టెక్నీషియన్ ఒక్క నిమిషంలో తేల్చేశాడు: “హెడ్ పోయిందన్నా, మార్చాల్సిందే.” 80 వేలు చెప్పాడు. హెడ్ ఆగి కూర్చునే క్యాపింగ్ తెరిచి చూపించమని అడగలేదు, గదిలో ఏసీ ఉందా అని అడగలేదు. మెషీన్ అమ్మినప్పుడు రెండు గంటల ట్రైనింగ్ ఇచ్చి వెళ్లిపోతారు, ఆ రెండు గంటల్లో డిజైన్ ఎలా పెట్టాలో చెప్తారు తప్ప మెషీన్‌ని ఎలా బతికించుకోవాలో చెప్పరు. దీని మీద నాకు ఇప్పటికీ కోపమే. లక్షలు పోసి కొన్నవాడికి హెడ్‌ని తుడిచే వైపర్ ఎక్కడుంటుందో కూడా తెలియకుండా వదిలేయడం అన్యాయం.

ఆ సాయంత్రం మా వీధిలో ముప్పై ఏళ్లుగా స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్న పెద్దాయన ఏదో పని మీద వచ్చాడు. డీటీజీ ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. లోపలికి వచ్చి ముక్కు రుద్దుకుని, “బిడ్డా, గీ గదిల గాలి ఇంత పొడిగున్నదేంది? ఎండకాలం మాకు స్క్రీన్ మీదనే ఇంకు ఆరిపోతది, నీకు ఆరదా?” అన్నాడు. వెళ్లి తన దగ్గరున్న చిన్న తేమ మీటర్ తెచ్చి మెషీన్ పక్కన పెట్టాడు. 19 శాతం. మెషీన్‌కి వేడి తగలకూడదని నేను పొద్దంతా ఏసీ వేసి ఉంచాను, అదేమో ఉన్న కాస్త తేమని కూడా లాగేసింది. పైన ఫ్యాను సరిగ్గా మెషీన్ మీదికే. మెషీన్ పుస్తకంలో 40 శాతానికి తగ్గకూడదని రాసే ఉంది. నేను ఉష్ణోగ్రత వరకే చదివాను.

ఏసీ, ఫ్యాను ఆపేశాం. మెషీన్‌కి, వైర్లకి దూరంగా గోనె సంచులు తడిపి వేశాం, బకెట్లలో నీళ్లు పెట్టాం. రాత్రి తొమ్మిదికి మీటర్ 47 చూపించింది.

అప్పుడు క్యాపింగ్ స్టేషన్ తెరిచాను. హెడ్ పనిలేనప్పుడు వెళ్లి కూర్చునే రబ్బరు గిన్నె అది. దాని అంచు చుట్టూ ఎండిపోయిన వైట్, పాలగిన్నె అంచున అట్టకట్టిన మీగడలా, గోరుతో లాగితే తొనలు తొనలుగా వచ్చింది. అంచు మీద అంత మందాన పేరుకుంటే హెడ్ దాని మీద ఎలా బిగుతుగా కూర్చుంటుంది? సందుల్లోంచి గాలి పోతుంది, నాజిల్స్ రాత్రంతా ఆరుతాయి, క్లీనింగ్ కొడితే పంపు ఇంకుకి బదులు గాలిని పీలుస్తుంది. పక్కన వైపర్ బ్లేడుకి షర్టుల నూగు పట్టుకుని ఉంది, తుడిచిన ప్రతిసారీ ఆ నూగే హెడ్‌కి పూస్తోంది. రెండింటినీ కంపెనీ క్లీనింగ్ లిక్విడ్‌తో, స్పాంజి స్వాబ్‌తో తుడిచాను. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు వాడకండి, పోగులు వదుల్తాయి. బోరు నీళ్లు అసలే వద్దు, మన దగ్గర నీళ్లలో సున్నం ఎక్కువ. తర్వాత క్యాప్ నిండా లిక్విడ్ పోసి, హెడ్‌ని దాని మీదికి తెచ్చి, రాత్రంతా నానబెట్టాను.

పొద్దున ఆరింటికి ఓహెచ్‌పీ షీట్ మీద నాజిల్ చెక్, అంటే ఒక్కో నాజిల్ ఒక్కో గీత గీసే పరీక్ష ప్రింటు. తెల్ల కాగితం మీద వైట్ కనపడదు కదా, పారదర్శకంగా ఉండే షీట్ మీద తీసి కింద నల్ల గుడ్డ పెట్టి చూడాలి. రాత్రి సగానికి సగం పోయిన గీతలు వచ్చేశాయి, ఆరో ఏడో మాత్రం లేవు. పది నిమిషాలాగి ఇంకొకటి తీశాను. లేని గీతలు ఈసారి వేరే చోట.

మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. క్లీనింగ్ కొట్టకుండా, పది నిమిషాల తేడాతో మూడు నాజిల్ చెక్‌లు తీసి పక్కపక్కన పెట్టండి. ప్రతిసారీ అదే చోట అదే గీత మాయమవుతుంటే అక్కడ ఇంక్ ఎండి అడ్డుపడినట్టు, దాన్ని నానబెట్టాలి. లేని గీతలు చోటు మారుతుంటే అది అడ్డు కాదు, లైన్లో గాలి, లేదా ఇంక్ చాలినంత అందట్లేదు. మొదటి షర్టుకి బాగా పడి పదో షర్టుకి పల్చబడుతుంటే డ్యాంపర్లు (హెడ్‌కి ఇంక్ వెళ్లే దారిలో జల్లెడ ఉన్న చిన్న డబ్బాలు) చూడండి. నావి తీసి చూస్తే లోపలి జల్లెడ మీద వైట్ ముద్దలా కూర్చుని ఉంది. కొత్త వైట్ డ్యాంపర్లు వేశాక పదకొండింటికల్లా అన్ని గీతలూ నిండుగా వచ్చాయి. హెడ్‌తో పోలిస్తే డ్యాంపర్ ఖరీదు ఎంత చెప్పండి.

ఇదంతా వైట్‌కే ఎందుకు అంటారేమో. వైట్‌లో ఉండేది టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి, నీటికంటే నాలుగు రెట్లు బరువు. ఇంటికి వెల్ల వేసేటప్పుడు బకెట్‌ని గంట వదిలేస్తే పైన నీళ్లు, అడుగున సున్నం, అచ్చం అదే. అందుకే రోజూ పొద్దున బాటిల్ మెల్లగా తిప్పాలి, గట్టిగా ఊపి నురగ తెప్పించకూడదు. మెషీన్‌లో ఇంక్ తిరిగే ఏర్పాటు ఉంటే దానికి కరెంటు ఆపకూడదు. సంక్రాంతికి ఊరెళ్తూ మెయిన్ ఆపేసి వెళ్లేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఐదు రోజులకి అడుగున గడ్డ కడుతుంది, వచ్చాక హెడ్‌ని తిడతారు.

ఇంకో మాట, ఇక్కడ ఎవరో ఒకరు “డీటీఎఫ్‌కి మారిపోండి, ఈ గోల ఉండదు” అని తప్పకుండా రాస్తారు. డీటీఎఫ్ అంటే ముందు ఫిల్మ్ మీద ప్రింట్ తీసి, దాన్ని వేడితో గుడ్డకి అతికించడం. డీటీఎఫ్ వైట్‌లో ఉండేదీ అదే టైటానియం డయాక్సైడ్. అదీ అడుక్కి దిగుతుంది, అదీ ఎండుతుంది. మంచి కాటన్ షర్టు మీద డీటీజీ ప్రింట్‌ని చేత్తో తడిమి చూసినవాడు ఆ మాట అంత తేలిగ్గా అనడు.

నా కథలో చివర ఒకటి మిగిలింది. శుక్రవారం నాజిల్స్ అన్నీ బాగున్నా పద్నాలుగు షర్టులు బూడిద రంగులో వచ్చాయి. అది ఇంక్ తప్పు కాదు, ప్రీట్రీట్ (ప్రింట్‌కి ముందు షర్టు మీద కొట్టే మందు) తప్పు. చేతి స్ప్రేతో హడావిడిగా కొట్టాను, కొన్నిచోట్ల తక్కువ పడింది, అక్కడ వైట్ పైన నిలబడకుండా పోగుల్లోకి ఇంకిపోయింది. పైగా మెషీన్ ఉన్న గదిలోనే కొట్టాను. ప్రీట్రీట్ పనే వైట్‌ని గుడ్డ మీద గడ్డకట్టించడం, దాని తుంపర్లు గాల్లో తేలి క్యాపింగ్ మీద పడితే అక్కడా అదే చేస్తుంది. ఆ రోజు నుంచి స్ప్రే పని వెనక వరండాలోకి మార్చాను. పాడైన షర్టులకి బదులు కొత్తవి తెచ్చి మళ్లీ వేశాం. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి పిల్లలు వచ్చి షాపులోనే అట్టపెట్టె విప్పి, వీపుల మీద ఎవరి పేరు వాళ్లు వెతుక్కున్నారు. ఆ హెడ్ ఇప్పటికీ నడుస్తోంది.

మీరు ఏ ఊళ్లో ఉన్నారో, గదిలో ఏసీ ఉందో లేదో, ప్రీట్రీట్ ఎక్కడ కొడుతున్నారో కింద రాయండి. క్యాపింగ్ ఫోటో ఒకటి దగ్గరగా తీసి పెట్టండి, పైన చెప్పిన మూడు నాజిల్ చెక్‌లు కూడా. ఈ రాత్రికి చూసి చెప్తాను. అప్పటిదాకా ఆ హెడ్‌కి అడ్వాన్స్ కట్టకండి.